ఓడ పెనాంగ్‌లో ఆగిన రోజే తైపూసం అయితే

సింగపూర్ నుంచి మూడు నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం చేసే తెలుగువారు ఈ మధ్య బాగా పెరిగారు. ఆ ఓడల్లో చాలావాటికి మధ్యలో వచ్చే మజిలీ మలేసియాలోని పెనాంగ్ దీవి. ఓడ ఆగేది జార్జ్‌టౌన్ రేవులో, అంటే సరిగ్గా పాత ఊరి గుమ్మంలో. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్తే ఒక్కోసారి ఆ మజిలీ తైపూసం పండుగ రోజుల్లో పడుతుంది. చాలామందికి ఆ సంగతి రేవులో దిగాకే తెలుస్తుంది. రోడ్లు మూసి ఉంటాయి, టాక్సీలు దొరకవు, ఎటు వెళ్లాలో తెలియదు. కొందరు విసుగెత్తి ఓడలోకే తిరిగి వెళ్లిపోతారు. ఆసియాలోనే గొప్ప సుబ్రహ్మణ్య ఉత్సవాల్లో ఒకటి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే జరుగుతుండగా అలా వెనుదిరగడం నన్ను నిజంగా బాధపెట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఆ కొన్ని గంటల్లో ఊరినీ పండుగనూ రెంటినీ చుట్టేయాలని పరిగెత్తకండి. పెనాంగ్ కొండ రైలు, కెక్ లోక్ సీ బౌద్ధాలయం, గోడల మీది బొమ్మలు, తర్వాత కావడులు అంటూ జాబితా వేసుకున్నవారికి చివరికి ట్రాఫిక్ తప్ప ఏమీ మిగలదు. ఆ రోజుకు పండుగే ఊరు. దాన్ని పట్టుకుని నడవండి. మిగతావి ఇంకోసారి.

మొదట తేదీ సరిచూసుకోండి

తమిళుల తై మాసంలో పుష్యమి నక్షత్రంతో కూడిన పౌర్ణమి నాడు తైపూసం. తారకాసుర, శూరపద్మాదుల సంహారానికి పార్వతీదేవి కుమారస్వామికి వేలాయుధం ఇచ్చిన రోజుగా దీన్ని జరుపుకుంటారు. మన పంచాంగంలో ఇది కొన్నేళ్లు పుష్య పౌర్ణమికి, కొన్నేళ్లు మాఘ పౌర్ణమికి వస్తుంది. 2024లో జనవరి 25న, 2025లో ఫిబ్రవరి 11న, 2026లో ఫిబ్రవరి 1న వచ్చింది. టికెట్టు కొనేముందు ఆ ఏటి తేదీని మలేసియా సెలవుల పట్టికలో చూసుకోండి. పెనాంగ్‌లో ఆ రోజు ప్రభుత్వ సెలవు.

తేదీ ఒక్కటే చూస్తే చాలదు. పెనాంగ్‌లో పండుగ మూడు రోజులు సాగుతుంది. ఓడ ఏ రోజున ఆగుతుందన్న దాన్నిబట్టి మీరు చూసేది పూర్తిగా మారిపోతుంది.

మొదటి రోజు, అంటే పౌర్ణమికి ముందు రోజు, రథోత్సవం. పెనాంగ్ వీధిలో తమిళ వర్తకులైన నాట్టుకోట్టై చెట్టియార్ల కోవిల్ వీడు, అంటే గుడి ఇల్లు, ఉంది. కుమారస్వామి ఉత్సవమూర్తి వెండి రథం మీద అక్కడి నుంచి పొద్దున్నే బయలుదేరి, జలపాతం దారిలోని చెట్టియార్ల గుడికి సాగుతుంది. 2017 నుంచి దీనికి బంగారు రథం కూడా తోడైంది. క్వీన్ వీధిలోని మహామారియమ్మన్ గుడి నుంచి స్వామివారి వేల్‌ను ఆ రథం మీద తీసుకెళ్తారు. రెండూ కొబ్బరికాయల మధ్య, అడుగడుగునా హారతుల కోసం ఆగుతూ వెళ్తాయి. అందుకే ఆరేడు కిలోమీటర్ల దారికి పగలంతా పట్టి, రాత్రి కూడా అవుతుంది.

రెండో రోజు తైపూసం. కావడులు, పాలకుండలు, మొక్కులు అన్నీ ఆ రోజే. జనమంతా చెట్టియార్ల గుడికి దగ్గర్లో, బాలదండాయుధపాణి గుడి ఉన్న కొండ దగ్గరే ఉంటారు.

మూడో రోజు సాయంత్రం రథాలు తిరుగు ప్రయాణం మొదలుపెడతాయి. ఊళ్లోకి చేరేసరికి రాత్రి బాగా గడిచిపోతుంది. మీ ఓడ ఆ సాయంత్రమే బయలుదేరేటట్లయితే రథం మీకు కనిపించదు. ఆ రోజును నిశ్చింతగా పాత ఊరికే ఇవ్వండి.

ఎంచుకునే వీలుంటే నేను మొదటి రోజునే ఎంచుకుంటాను. పండుగ అప్పుడు ఊళ్లోనే, మీ రేవుకు దగ్గరగా ఉంటుంది. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవారికి ఇంతకంటే మంచి రోజు లేదు. కావడులే చూడాలన్న కోరిక గట్టిగా ఉంటేనే రెండో రోజు.

కాగితాలు

దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. ఓడ సింగపూర్‌లో బయలుదేరి సింగపూర్‌కే తిరిగి వస్తుంది. మీరు ఒకసారి దేశం దాటి మళ్లీ లోపలికి వస్తున్నట్లు లెక్క. కాబట్టి సింగపూర్ వీసా ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశానికి పనికివచ్చేదై ఉండాలి. వీసా చేతికి రాగానే ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో తెలిపే గడిలో ఏమి రాసి ఉందో చదవండి.

మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారిని 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. ఆ సడలింపును 2026 చివరి వరకు పొడిగించారు. ఆ తర్వాత వెళ్లేవారు తాజా నిబంధన చూసుకోవాలి. రాకకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపే డిజిటల్ అరైవల్ కార్డు కూడా ఉంది. దాన్ని మీరే నింపాలా, ఓడవారు చూసుకుంటారా అన్నది టికెట్టు కొన్న చోటే అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. రేవులో నిలబడి ఫోనులో ఫారం నింపుతున్న కుటుంబాలను చూశాను. వాళ్లకున్న కొద్ది గంటల్లో ఒక గంట అక్కడే కరిగిపోయింది.

పాస్‌పోర్టును కొన్ని ఓడల్లో వాళ్లే దాచి ఉంచుతారు, కొన్ని ఓడల్లో చేతిలో పెట్టుకుని దిగమంటారు. ఏదైనా సరే, మొదటి పేజీ నకలు ఒకటి జేబులో, ఫోటో ఒకటి ఫోనులో ఉండాలి.

గడియారాన్ని వెనక నుంచి లెక్కపెట్టండి

ఓడ ప్రయాణంలో చాలామంది పొరబడేది ఇక్కడే. కాగితం మీద "మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 వరకు" అని ఉంటే తొమ్మిది గంటలు ఉన్నాయనుకుంటారు. ఉండవు. నిజంగా మిగిలేది ఎంతో లెక్క వేసి చూద్దాం.

రాత్రి 9కి ఓడ బయలుదేరుతుందంటే అందరూ 8కే లోపల ఉండాలి. ఎప్పటికి ఎక్కాలో ఆ రోజు కార్యక్రమ పత్రంలో రాసి ఉంటుంది, మీరు గుర్తు పెట్టుకోవాల్సిన సమయం అదొక్కటే. పండుగ రోజు కాబట్టి ఒక గంట అదనంగా ఉంచుకుని 7కే రేవు దగ్గరికి చేరాలి. తైపూసం నాడు కొండ దగ్గరి నుంచి రేవుకు రావడానికి రెండు గంటలు పెట్టుకోండి. అంటే 5కు అక్కడి నుంచి కదలాలి. ఇక ముందు వైపు చూస్తే, ఓడ 12కు ఆగినా అనుమతులు వచ్చి, వరుసలు దాటి మీరు రోడ్డు మీద పడేసరికి ఒంటిగంట. కొండ చేరడానికి గంటంబావు. తొమ్మిది గంటలు అనుకున్నది మూడు గంటల లోపుకు దిగింది. ఈ లెక్క బయలుదేరే ముందు రాత్రే కాగితం మీద వేసుకుని, వెనుదిరగాల్సిన సమయానికి ఫోనులో అలారం పెట్టండి.

మలేసియా, సింగపూర్ రెండింటి సమయమూ ఒకటే, మనకంటే రెండున్నర గంటలు ముందు. తర్వాతి మజిలీ థాయిలాండ్‌లోని పుకెట్ అయితే అక్కడ ఒక గంట వెనక. అందుకని ఓడ ఏ సమయాన్ని పాటిస్తోందో అడిగి తెలుసుకోండి. చేతి గడియారం ఉంటే దాన్ని ఓడ సమయానికే మార్చండి. ఇంటి సమయం కోసం మనసులో లెక్క వేసుకోవచ్చు.

ఓడవారే నడిపే విహారయాత్రలో వెళ్తే ఆలస్యమైనా ఓడ మీకోసం ఆగుతుంది. సొంతంగా వెళ్తే ఆగదు. కానీ పండుగ కోసమైతే సొంతంగా వెళ్లమనే నా సలహా. గుంపు బస్సు మూసిన రోడ్ల చుట్టూ తిరుగుతుంది, జనంలోకి వెళ్లదు. పెనాంగ్‌లో ఆ ధైర్యం చేయడానికి ఒక గట్టి కారణం ఉంది. జార్జ్‌టౌన్‌లోని స్వెటెన్‌హామ్ రేవులో ఓడ గట్టును ఆనుకునే ఆగుతుంది, చిన్న పడవలు ఎక్కి ఒడ్డుకు రావాల్సిన పని లేదు. గేటు దాటితే ఊరే. నడిచి పోవచ్చు, నడిచి రావచ్చు.

సంచిలో ఏమి ఉండాలి

తక్కువ. ఓడ కార్డు, కొద్దిగా రింగిట్ నోట్లు, నీళ్ల సీసా, టోపీ లేదా గొడుగు, చెమట తుడుచుకునే తువ్వాలు. జార్జ్‌టౌన్ భూమధ్యరేఖకు కాస్త పైన ఉంది. ఫిబ్రవరిలోనూ మన విశాఖ మే నెలలా ఉక్కపోస్తుంది. రక్తపోటు, చక్కెర మందులు వాడేవారు ఆ పూట మోతాదును ఓడలో వదిలిరాకండి.

చెప్పుల గురించి గట్టిగా చెప్పాలి. రథం నడిచే దారిలో వేల కొబ్బరికాయలు పగులుతాయి. చిప్పలు కత్తుల్లా ఉంటాయి, కొబ్బరినీళ్లతో రోడ్డు జారుతుంది. వేళ్లు కనిపించే చెప్పులు పనికిరావు. వేళ్లను కప్పే, అడుగు గట్టిగా ఉండే బూట్లు వేసుకోండి. గుళ్లోకి వెళ్లేటప్పుడు విప్పి పెట్టుకోవడానికి ఒక గుడ్డ సంచి ఉంచుకోండి. వేల మంది చెప్పుల మధ్య మీవి వెతుక్కునే సమయం మీకు ఉండదు.

బట్టలు మన గుడికి వెళ్లేటట్లే. భుజాలు, మోకాళ్లు కప్పే నూలు బట్టలు. పసుపు, కాషాయ రంగులు అక్కడ దీక్షలో ఉన్నవారివి. మీరూ కట్టుకోవచ్చు, తప్పు లేదు. కట్టుకున్నారంటే మిమ్మల్ని చూసే చూపులో కాస్త ఆత్మీయత పెరుగుతుంది.

ఫోను విషయం. నడిసముద్రంలో ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు ఫోను తనంతట తానే తగులుకుంటే బిల్లు గుండె ఆగేలా వస్తుంది. ఓడలో ఉన్నంతసేపూ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, రేవులో దిగాకే రోమింగ్ తెరవండి. జార్జ్‌టౌన్ మ్యాపును ముందే ఫోనులో దింపుకోండి. జనం బాగా పెరిగినప్పుడు డేటా నత్తనడక నడుస్తుంది.

రేవు దాటగానే

ఎదురుగా తెల్లని గడియార స్తంభం కనిపిస్తుంది. విక్టోరియా రాణి 60 ఏళ్ల పాలనకు గుర్తుగా స్థానిక చైనా సంపన్నుడొకరు కట్టించింది. ఏడాదికి ఒక అడుగు చొప్పున 60 అడుగులు. కుటుంబంలో ఎవరైనా తప్పిపోతే కలుసుకునే చోటు ఇదేనని అందరికీ చెప్పండి. పిల్లల జేబులో ఓడ పేరు, రేవు పేరు రాసిన చీటీ పెట్టండి.

దాని పక్కనే కార్న్‌వాలిస్ కోట. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ దిగిన చోటు. మొదట తాటిజాతి చెట్ల మొద్దుల కంచెగా మొదలై తర్వాత ఇటుకల కోట అయింది. మన బడి పుస్తకాల్లో శాశ్వత శిస్తు పద్ధతితో గుర్తుండిపోయిన కార్న్‌వాలిస్ పేరే దీనికి. ఆ రోజు కోటలోకి వెళ్లకండి. బయటి నుంచి చూసి సాగిపోండి.

పేర్లు చదవడానికి రెండు మలయ్ మాటలు చాలు. లెబుహ్ అంటే వీధి, జలాన్ అంటే రోడ్డు. కోట దాటి లెబుహ్ పెనాంగ్ పట్టుకుంటే పది పదిహేను నిమిషాల నడకలో లిటిల్ ఇండియా. మల్లెపూల వాసన మిమ్మల్ని ముందే పలకరిస్తుంది. అక్కడ తమిళం వస్తే చాలు. చిత్తూరు, నెల్లూరు వైపు వారికి ఇబ్బందే ఉండదు, మిగతావారికి ఇంగ్లీషు సరిపోతుంది. "తెరిమా కాసిహ్" అంటే కృతజ్ఞతలు. నేర్చుకుని అనండి, ముఖాలు విప్పారతాయి.

మొదటి రోజు రథాన్ని ఎలా అందుకోవాలి

ఓడ తెల్లవారుజామునే ఆగిందంటే మీ అదృష్టం. సరాసరి లెబుహ్ పెనాంగ్‌కు వెళ్లండి. మధ్యాహ్నం దిగినవారు రథం బయలుదేరిన చోటికి కాదు, అది ఉన్న చోటికి వెళ్లాలి. పూలకొట్టులో అడగండి, "రథం ఇప్పుడు ఎక్కడ?" అని. ఊరంతటికీ తెలుసు. రథం పాత ఊరి వీధులు దాటి కొమ్తార్ అనే ఎత్తైన మేడ వైపు, అక్కడి నుంచి దాతో కెరామత్ రోడ్డు వైపు సాగుతుంది. ఆ మేడ ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది కాబట్టి దారి తప్పరు.

రథానికి ఎదురు వెళ్లకండి. దానికంటే నాలుగైదు వందల మీటర్లు ముందుకు వెళ్లి, నీడ ఉన్న చోట రోడ్డు పక్కన నిలబడండి. రథమే మీ దగ్గరికి వస్తుంది. ఆ ఎదురుచూసే సమయంలోనే అసలు పండుగ కనిపిస్తుంది. దారి పొడవునా కొబ్బరికాయల గుట్టలు పోసి ఉంటాయి. ఒక్కో గుట్టలో వందల కాయలు. గుట్టల పక్కన నిలబడినవారిలో సగం మంది చైనీయులు. కొట్టు యజమానులు, వాళ్ల పిల్లలు, చేతిలో అగరుకట్టలు పట్టుకున్న అవ్వలు. వ్యాపారం బాగుండాలని, జబ్బు నయం కావాలని కుమారస్వామికి మొక్కుకున్నవారు. రథం దగ్గరపడగానే కాయలన్నీ ఒకదాని వెంట ఒకటి నేలకేసి కొడతారు. చప్పుడు ఉరుములా వస్తుంది. ఆ వెంటనే పారలు పట్టుకున్న మనుషులు, బండ్లు వచ్చి చిప్పలను పక్కకు నెడతారు, రథం చక్రాలకు దారి అవుతుంది.

కాయలు కొట్టే చోటికి కనీసం పది అడుగుల దూరంలో ఉండండి. ముక్కలు ఎగురుతాయి. కళ్లద్దాలుంటే పెట్టుకోండి. పిల్లలను ముందు వరుసలో నిలబెట్టవద్దు.

రథం ఆగినప్పుడు భక్తులు పళ్లెంలో పళ్లు, పూలు, కర్పూరం అందిస్తారు. పూజారి హారతి ఇచ్చి విభూతితో తిరిగి ఇస్తారు. మీరూ ఇవ్వవచ్చు. లిటిల్ ఇండియాలో పళ్లెం సరుకంతా దొరుకుతుంది. పేరు, నక్షత్రం చెప్పి అర్చన చేయించుకున్నప్పుడు మా అమ్మ కళ్లు చెమర్చాయి. ఇంటికి మూడు వేల కిలోమీటర్ల దూరంలో, తెలియని ఊళ్లో, తన నక్షత్రం పేరు గట్టిగా వినిపించిందని.

రథం వెంట ఒక కిలోమీటరు నడవండి, చాలు. తర్వాత వెనుదిరగండి. దాని వెంటే కొండదాకా పోదామనిపిస్తుంది. పోవద్దు, అది రాత్రికి గాని చేరదు.

తైపూసం నాడు కొండ దగ్గరికి

రేవు నుంచి కొండ ఆరేడు కిలోమీటర్లు. గ్రాబ్ అనే యాప్‌లో పిలిచే కారు గాని టాక్సీ గాని ఎక్కి, "రోడ్డు ఎంతవరకు తెరిచి ఉంటే అంతవరకు" అని చెప్పండి. డ్రైవరు ఆపిన చోట మారు మాట్లాడకుండా దిగి నడవండి. ఒకసారి మేము ఎక్కిన కారు డ్రైవరు అడ్డదారి తెలుసని తిప్పి తిప్పి నలభై నిమిషాలు వాహనాల మధ్య ఇరికించాడు. నడిస్తే పదిహేను నిమిషాల దూరం. దిగిన చోటి బోర్డును ఫోటో తీసుకోండి, తిరిగివచ్చేటప్పుడు ఉపయోగపడుతుంది.

జలపాతం దారికి, అంటే జలాన్ కెబున్ బుంగాకు చేరగానే ముందు వినిపించేది వాయిద్యాల హోరు. రోడ్డుకు రెండు వైపులా తన్నీర్ పందళ్లు. మన చలివేంద్రాలే, కాకపోతే పెళ్లి పందిళ్లంత పెద్దవి. మజ్జిగ, పానకం, పులిహోర, వేడివేడి అన్నం ఎవరికైనా ఉచితంగా పెడతారు. సంకోచించకుండా తీసుకోండి. డబ్బు ఇవ్వబోతే నొచ్చుకుంటారు. విస్తరి, గ్లాసు తీసుకెళ్లి బుట్టలో వేయండి. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి రెండో పందిరి దగ్గర ఏదో ఒకటి తాగుతూ ఉండండి.

కావడి మనకు కొత్త కాదు. ఆడికృత్తికకు తిరుత్తణి వెళ్లే చిత్తూరు జిల్లా వాళ్లకు పూల కావడి, పాల కావడి తెలుసు. ఇక్కడ చూసేది దానికి పెద్దన్న. మనిషి భుజాల మీద, నడుము మీద ఆనించి, నెమలి పింఛాలతో ఆళ్లెత్తు లేచే కావడులు. కొందరి నాలుకకు, బుగ్గలకు చిన్న వేల్, వీపుకు కొక్కేలు, వాటికి వేలాడే నిమ్మకాయలు. ఇందుకోసం చాలామంది 48 రోజులు శాకాహారంతో, బ్రహ్మచర్యంతో దీక్ష పాటిస్తారు. వెంట వచ్చే కుటుంబం "వేల్ వేల్" అని అరుస్తూ ధైర్యం చెబుతుంది. తల్లి కొడుకు కాళ్ల మీద నీళ్లు పోస్తుంది, తమ్ముడు చిన్న పీట పట్టుకుని నడుస్తాడు, అన్న అలసిపోతే కూర్చోబెట్టడానికి. అందరూ ఫోటో తీసేది కొక్కేలను. నేను చూడమనేది ఆ పీట పట్టుకున్న తమ్ముడిని.

పిల్లలు ఉంటే ముందే చెప్పి తీసుకెళ్లండి. "ఎందుకు గుచ్చుకున్నారు?" అంటే, "ఇంట్లో ఎవరికో బాగాలేనప్పుడు స్వామికి మాట ఇచ్చి ఉంటారు, ఆ మాట నిలబెట్టుకుంటున్నారు" అని చెప్పవచ్చు. మా అక్క కూతురికి ఆ జవాబు సరిపోయింది. భయపడే పిల్లలనైతే పాలకుండలు మోసేవారి వైపు తీసుకెళ్లండి. వాళ్లలో చిన్నపిల్లలూ ఉంటారు.

ఫోటో తీసేముందు కళ్లతోనైనా అనుమతి అడగండి. కావడి చుట్టూ కుటుంబం పట్టుకున్న వలయంలోకి అడుగు పెట్టకండి, కావడిని ముట్టుకోకండి. ఆవేశంలో ఉన్న మనిషి ముఖానికి ఫోను ఆనించి వీడియో తీయడం ఏ భక్తుడికీ ఇష్టం ఉండదు. గుచ్చుకునే చోట అసలు ఫోను తీయవద్దనే నా అభిప్రాయం. అది వాళ్ల ఇంటి ప్రార్థన. మనం అక్కడ అతిథులం.

ఇక మెట్ల సంగతి. కొండ మీది బాలదండాయుధపాణి గుడికి 513 మెట్లు. మామూలు రోజున అరగంట పని. తైపూసం నాడు మెట్టు మెట్టుకూ ఆగాల్సి రావచ్చు. మీ లెక్కలో కొండ దగ్గర మూడు గంటల కంటే తక్కువ ఉంటే ఎక్కవద్దు. ఎక్కి దర్శనం కాకుండా మధ్యలో దిగాలంటే ఎదురువచ్చే జనంలో అది ఇంకా కష్టం, ప్రమాదం కూడా. కింద చెట్టియార్ల గుడి దగ్గర వెండి రథం మీద వచ్చిన స్వామిని దర్శించుకోవచ్చు. మొక్కు ఉన్నవారు మాత్రం దిగగానే మరెక్కడా ఆగకుండా నేరుగా మెట్ల దగ్గరికి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు నచ్చజెప్పండి. స్వామి కింద కూడా ఉన్నాడు.

అలారం మోగగానే బయలుదేరండి. వచ్చిన దారినే కాకుండా, జలాన్ గాట్లీబ్ మీదుగా పులావ్ తికుస్ వైపు అరగంట నడిస్తే జనం పలచబడతారు. అక్కడ కారు దొరికే అవకాశం ఎక్కువ. గుంపు మధ్యలో నిలబడి కారు పిలిస్తే డ్రైవర్లు ఒప్పుకుని, రాలేక, రద్దు చేసుకుంటూ ఉంటారు.

నడవలేని పెద్దలతో వెళ్తే

వాళ్లను కొండ దగ్గరికి లాక్కెళ్లకండి, ఓడలోనూ వదిలేయకండి. వాళ్లకు మంచి పూట లిటిల్ ఇండియాలోనే ఉంది. 1833 నాటి మహామారియమ్మన్ గుడి క్వీన్ వీధిలో ఉంది, పెనాంగ్‌లో అన్నింటికంటే పాత హిందూ ఆలయం. అక్కడి నుంచి ఒక్క వీధి అవతలే కపితాన్ కెలింగ్ మసీదు పేరు పెట్టిన ప్రసిద్ధమైన రోడ్డు. 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, చైనావారి కరుణామాత గుడి, 1801లో భారతీయ ముస్లింలు స్థాపించిన ఆ మసీదు, అన్నీ పావుగంట నడకలో. ఈ పాత ఊరికి 2008లో మలక్కాతో కలిపి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇక్కడ నిలబడితే ఎందుకొచ్చిందో అర్థమవుతుంది.

"కెలింగ్" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. అది మన కళింగ నుంచి వచ్చిందని పండితుల అభిప్రాయం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడలు ఈ నీళ్లలోకి ఎంత పాతకాలం నుంచి వచ్చాయో ఆ పేరే చెబుతుంది. అయితే ఇప్పటి మలేసియాలో దాన్ని భారతీయులను కించపరిచే మాటగానూ వాడారు. కాబట్టి మసీదు పేరుగా తప్ప మనుషుల గురించి ఆ మాట పలకకండి. మలేసియాలో తెలుగువారు కూడా ఉన్నారు, బ్రిటిష్ కాలంలో ఉత్తరాంధ్ర నుంచి తోటల పనికి వెళ్లినవారి మనుమలు, మునిమనుమలు. జనంలో తెలుగు వినిపిస్తే పలకరించండి. వాళ్ల తెలుగులో మనం మరచిపోయిన మాటలు దొరుకుతాయి.

రిక్షా ఎక్కాలనుకుంటే ఎక్కే ముందే గంటకు ఎంతో మాట్లాడుకోండి. ఊళ్లో తిరిగే ఉచిత బస్సు ఒకటి ఉంది గాని, పండుగ రోజు దాని దారి మారుతుంది, నమ్ముకోవద్దు.

తిండి

శాకాహారులకు లిటిల్ ఇండియా చాలు. అరటాకు భోజనం, దోసె, పప్పుతో తినే పరోటాలాంటి రోటీ చనాయ్, పైనుంచి పోసి నురగ తెప్పించే తే తారిక్ టీ. బయట తినేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి, బెలాచన్. అది రొయ్యల ముద్ద. కూరగాయల వంటకంలోనూ, పచ్చడిలోనూ కలుపుతారు. "కూరగాయలే" అన్న జవాబుతో తృప్తిపడక, బెలాచన్ ఉందా అని పేరు పెట్టి అడగండి. ఐసు, కొబ్బరిపాలు, తాటిబెల్లంతో చేసే చెందోల్ మాత్రం తినకుండా రావద్దు. మాంసాహారులకు ఆ ఊరు స్వర్గమే. కానీ గుడికి వెళ్లే ముందు కాకుండా తిరిగివచ్చాక తినండి.

తిరిగి ఓడకు

గడియార స్తంభం కనిపించాకే కొనుగోళ్లు. ఆ పక్క వీధుల్లోనే జాజికాయ సరుకులు, తే తారిక్ పొడి దొరుకుతాయి. రేవు దగ్గర సంచులన్నీ యంత్రంలో చూస్తారు. వండిన పదార్థాలు, కోసిన పళ్లు, కొబ్బరి చెక్కలు చాలా ఓడల్లో లోపలికి రానివ్వరు. ప్రసాదాన్ని చెత్తబుట్టలో వేయాల్సి వస్తే మనసు చివుక్కుమంటుంది. గేటుకు ఇవతలే, గట్టు మీద కూర్చుని అందరూ పంచుకుని తినేయండి. విభూతి పొట్లం జేబులో పెట్టుకోవచ్చు.

ఒకవేళ ఆలస్యమవుతోందని తెలిస్తే పరుగులో సమయం వృథా చేయకుండా ముందు ఫోను చేయండి. కార్యక్రమ పత్రం అడుగున రేవులోని ఓడ ప్రతినిధి నంబరు ఉంటుంది. పొద్దున్నే దాన్ని ఫోటో తీసుకోమని ఇందుకే చెబుతాను. ఓడ వెళ్లిపోయినా తర్వాతి మజిలీకి దారి చెప్పేది, మీ పాస్‌పోర్టు ఎక్కడుందో చెప్పేది ఆ ప్రతినిధే.

గదిలోకి వెళ్లే ముందు బూట్ల అడుగులు చూసుకోండి. కొబ్బరి పీచు, ఒకటో రెండో చిప్ప ముక్కలు దిగబడి ఉంటాయి. వాటిని తీసేశాకే లోపలికి అడుగు పెట్టండి.